శవరాజు చెంప

మా వాల్‌ద్రెస్ లోయ పైన, చెట్లు ఆగిపోయే చోట, ఒక ఖాళీ పాక ఉంది. వేసవిలో మేకల్ని తోలుకెళ్లి పాలు పితికిన పాక. ఒక ఏడాది ముందుగా కురిసిన మంచు కింద పాలు పితికే అమ్మాయీ, మందా... అందరూ పోయారు. అప్పట్నుంచి చలి మొదలయ్యాక అక్కడెవరూ గొంతెత్తరు. పిలుపనుకుని మంద తిరిగొస్తుందట.

ఓడ్వార్ నవ్వాడు.

ఓడ్వార్ అంటే మా ఊరి శవరాజు. ఆ పేరు వాడే పెట్టుకున్నాడు. ముఖానికి తెల్లరంగు, కళ్లచుట్టూ మసి, కిటికీ తెర చింపి కుట్టించుకున్న నల్లంగీ. పాటలు కడతాడు గానీ బ్యాండు లేదు — వాడితో ఎవరూ వారం నిలవరు. సింథసైజర్ మీద గుహలో గాలిలాంటి మోత, దానిపైన గిటార్ గీకుడు, ఆపైన కేకలు. "అన్నీ నేనొక్కణ్ణే" అని కేసెట్ కవరు మీద రాసుకుంటాడు. అదేదో ఘనకార్యమైనట్టు!

కేసెట్లు కాపీ చేసి అమ్మేది నేను. "ఆ పాకలో రికార్డు చేసుకురా. తెల్లారకముందే పారిపోయొచ్చావో, నీ కేసెట్ వెయ్యను" అన్నాను. ఇంకెవరూ వెయ్యరని వాడికీ తెలుసు.

"చీకటికి నేనే రాజుని."

"టోపీ పెట్టుకెళ్లు రాజా, జలుబు చేస్తుంది" అంది వాళ్ల బామ్మ గున్వోర్.

తర్వాత వాడు చెప్పిందిది. దీపం ఆర్పాడు. రికార్డర్ నొక్కాడు. కేక వేశాడు.

దూరంగా... టంగ్.

గాలేమో అనుకున్నాడు. ఇంకో కేక.

టంగ్... టంగ్... తలుపు దగ్గర.

చీకట్లో చల్లటి ఊపిరి — ఆపైన చెంప మీద గరుకైన నాలుక.

తెల్లారకముందే, నేను కాచుక్కూర్చున్న బామ్మ వంటింట్లోకి వచ్చి పడ్డాడు. ఒక చెంప తెల్లగా, రెండోది శుభ్రంగా.

"మేక నాకిందిరా శవరాజా!" పడిపడి నవ్వాను. "చెమటలో ఉప్పుంటే వదుల్తాయా?"

"కేసెట్...?" అని గొణిగాడు.

పెట్టి విన్నాను. మేకల మెడగంటలు స్పష్టంగా ఉన్నాయి. "బాగున్నది ఇదొక్కటే. నువ్వు చెయ్యంది కూడా ఇదొక్కటే! సరే, వేస్తాలే... ఎవరి మేకలు బామ్మగారూ?"

గున్వోర్ వాఫిల్ అట్టు మీదకి మేకపాల చీజు కోస్తూ ఆగిపోయింది.

"ఈ చీజు కూడా కొట్లోదే బాబూ" అంది మెల్లగా. "ఆ మంద పోయాక ఈ లోయలో ఎవరూ మేకని పెంచలేదు."

ఆమె తువ్వాలుతో వాడి చెంప తుడిచింది. మళ్లీ తుడిచింది.

మండుతున్న పొయ్యి పక్కనే కూర్చున్నాడు... అయినా ఆ చెంప తడి ఆరలేదు.