పాత గనిలో దరువు

జమ్మలమడుగు నుంచి మైలవరం పోయే దోవలో, వదిలేసిన నాపరాళ్ల గని ఒకటుంది. పొద్దు గూకినాక గొర్రెల కాపరులు గూడా ఆ పక్కకు పోరు. పార్టీ గొడవల్లో ఒకే ఇంటి అన్నదమ్ములు ముగ్గుర్ని ఆడ బండలతో మోది చంపినారంట. అప్పటి నుంచి చీకటి పడితే చాలు... దబ్... దబ్... అని లోపల మోత.

శుభాకర్ సారు మాత్రం రోజూ బడి నుంచి మోపెడ్ మీద ఆ దోవనే వచ్చేవాడు. ఆయనకు ఆ మోత ఎప్పుడూ వినపడలా. చెవులకు హెడ్‌ఫోన్లు ఉండేవి మరి.

తొంభై తొమ్మిది ఎలక్షన్లలో ఆయన డ్యూటీ చేస్తున్న బూత్ మీద నాటుబాంబు వేసినారు. పక్కన కూర్చున్న మనిషి ముక్కలైపోయినాడు. సారు బతికినాడు గానీ, చెవుల్లో 'గీ...' అని రొద నిలిచిపోయింది. రేయింబవళ్లు అదే. నిద్ర లేదు. మందులు పనిచెయ్యలా.

చివరికి బెంగుళూరులో ఉండే తమ్ముడు క్యాసెట్ ఒకటి పంపినాడు. మెటల్ సంగీతమంట. పాడేవాళ్లు లేరు. ఉత్త గిటార్లు, డ్రమ్ములు — కొండను ఈడ్చుకొస్తున్నట్టు మెల్లగా, బరువుగా. ఆ బరువు కిందనే ఆయన చెవుల్లో రొద అణిగేది.

ఆ సాయంత్రం పొద్దు గూకేటప్పుడు గని దగ్గరికొచ్చేసరికి వాక్‌మన్‌లో బ్యాటరీలు అయిపోయినాయి. గిటారు నెమ్మదించింది... ఇంకా నెమ్మదించింది... ఆగిపోయింది.

దరువు ఆగలా.

దబ్... దబ్...

సారు మోపెడ్ ఆపి చూసినాడు. గని గట్టున ఒక మనిషి వెల్లకిలా పడున్నాడు. ఇద్దరు వాని కాళ్లూ చేతులూ తొక్కిపట్టినారు. మూడోవాడు బండ ఎత్తి రొమ్ము మీద వేస్తాండాడు. ఎత్తి... వేసి... ఎత్తి...

ఆ మూడోవాడు గోవిందు. పార్టీ మనిషి. సారును చూసి, బండ కింద పడేసి వచ్చినాడు. చొక్కా నిండా నెత్తురు.

"ఏం విన్యావు సారూ?"

"ఏం వినలేదప్పా. పాట పెట్టుకున్యా."

"యాడ, చూద్దాం."

హెడ్‌ఫోన్లు లాక్కొని తన చెవులకు పెట్టుకున్నాడు. క్యాసెట్ తిరగడం లేదు. ఇంకో క్షణంలో వీనికి తెలిసిపోతాది. రెండో శవం తనదే.

గోవిందు కళ్లు మూసుకున్నాడు. తల మెల్లగా ఊగింది.

"శానా బరువుగా ఉందే... ఎవరు కొడతాండారు?"

సారు ఒక అడుగు వెనక్కేసినాడు.

"ఆపు సారూ."

"ఎప్పుడో ఆగిందప్పా..."

గోవిందు హెడ్‌ఫోన్లు పీకి పారేసినాడు. అయినా మోత ఆగలా. రెండు చేతుల్తో చెవులు మూసుకున్నాడు.

"వాడు చచ్చినాడు గదరా. ఇంకా కొడతారేందిరా?" అని తనవాళ్లను అడిగినాడు.

వాళ్లు ఉత్త చేతుల్తో నిలబడున్నారు. గోవిందు పోయి బండ ఎత్తినాడు. మొదటి దెబ్బ ఒకని నెత్తిన పడింది. రెండోవాడు పరిగెత్తబోయి జారిపడినాడు. వాని మీద ఇంకో దెబ్బ... తొందరేం లేకుండా.

సారు మోపెడ్ గూడా వదిలేసి పరిగెత్తినాడు.

తెల్లారి పోలీసులు పోతే గట్టున మూడు శవాలు. వాటి పక్కన మోకాళ్ల మీద కూర్చొని, గోవిందు తన తలను బండకు మోదుకుంటాండాడు. మెల్లగా... దబ్... దబ్... నలుగురు పట్టుకుంటే గానీ నిలవలా.

ఆస్పత్రిలో డాక్టరు వాని చల్లబడిన చెయ్యి పట్టి చూసి, పోలీసుల వైపు తిరిగినాడు.

"వీని ప్రాణం నిన్న పొద్దు గూకేటప్పుడే పోయింది గదప్పా."