యక్షిణి గుహలో రెండు కుక్కలు

పూర్వం హేమకూట రాజ్యాన్ని ఏలే విజయకేతువుకు జయంతుడు ఒక్కడే కొడుకు. అతడు ఒకనాడు వేటకు వెళ్లి, వాన పడుతుంటే నల్లకొండ అడవిలోని యక్షిణి గుహలో తలదాచుకున్నాడు. అక్కడ ఒక కుక్కపిల్ల అతని పాదరక్షల మీద మూత్రం పోసింది. జయంతుడు కోపంతో దాన్ని విల్లుతో కొట్టాడు. మరుక్షణమే శిల అయిపోయాడు. వెంట ఉన్న భటులు పరుగున వెళ్లి రాజుకు ఆ సంగతి చెప్పారు. అతణ్ణి విడిపించబోయిన ఇద్దరు సేనానులు కూడా తిరిగి రాలేదు.

అప్పుడు గొర్రెల కాపరి కూతురు కొండమ్మ రాజు దగ్గరికి వచ్చింది. "నన్ను పంపండి ప్రభూ. కుక్కల మధ్యనే పెరిగినదాన్ని," అంది.

అడవిలో రెండో రోజు వాగు ఒడ్డున ఒక పులి దారికి అడ్డంగా పడుకుని ఉంది. కొండమ్మ అరవలేదు, రాయి విసరలేదు. అది లేచి వెళ్లేదాకా చెట్టెక్కి కూర్చుంది. మూడో రోజుకు గుహ చేరింది.

మూడు శిలల నడుమ యక్షిణి నిలబడి ఉంది. "పిల్లా, ఈ కుక్కపిల్లకూ, ఆ ముసలి కుక్క భైరికీ బయటికి వెళ్లడం నేర్పు. ఏడు రోజుల గడువు. చెయ్యెత్తావో, నువ్వూ శిలవే."

కొండమ్మ కుక్కపిల్లను నిద్ర లేవగానే, తిండి తినగానే, ఆడి అలసిపోగానే కానుగ చెట్టు కిందికి తీసుకెళ్లేది. అక్కడ పని కానిస్తే మెడ నిమిరి జొన్నరొట్టె ముక్క పెట్టేది. లోపల తడిపితే తిట్టకుండా, వాసన మిగలకుండా బూడిదతో తుడిచేది.

భైరి సంగతి వేరు. యక్షిణి చేరదీయకముందు ఎవరో పన్నెండేళ్లు స్తంభానికి కట్టేసి ఉంచడంతో అది నిలబడ్డ చోటే కానిచ్చి, భయంతో తల దించుకునేది. కొండమ్మ దాని మెడలో మిగిలిన కట్టు విప్పి బయట తిప్పినా, లోపలికొచ్చి మళ్లీ అదే పని చేసేది.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా?" అంది యక్షిణి.

"ఇది మాను కాదు కదమ్మా. దీనికి ఇంతవరకు ఎవరూ చెప్పలేదంతే."

ఆరో రోజు భైరి తనంతట తానే లేచి, గుహ ద్వారం దగ్గర నిలబడి, కొండమ్మ వైపు చూసి మెల్లగా మూలిగింది. ఆమె కళ్లు చెమర్చాయి.

ఏడో ఉదయం యక్షిణి రాగానే కుక్కపిల్ల సంబరంతో పరుగెత్తి ఆమె పాదాల దగ్గరే తడిపేసింది. కొండమ్మ చెయ్యెత్తకుండా బూడిద తెచ్చి తుడిచింది.

"తప్పు ఎవరిది?" అంది యక్షిణి.

"నాదేనమ్మా. మీరొస్తారన్న కంగారులో దాన్ని బయటికి తీసుకెళ్లలేదు."

"ఇక్కడికి వచ్చినవాళ్లలో ఆ మాట అన్నది నువ్వొక్కతెవే," అని యక్షిణి నవ్వి చేయి ఊపింది. ముగ్గురికీ ప్రాణం వచ్చింది. జరిగినది విని జయంతుడు మోకాళ్లపై కూర్చుని చేయి చాచాడు. కుక్కపిల్ల కొండమ్మ వెనకాల నక్కింది.

"నన్ను నమ్మడానికి ఎన్నాళ్లు పడుతుంది?" అన్నాడు.

"అది మీ ఓపికను బట్టి ఉంటుంది."

యక్షిణి రెండు కుక్కలనూ వాళ్లతో పంపింది. జయంతుడు ఏడాదిపాటు రోజూ తెల్లవారుజామునే లేచి కుక్కపిల్లను తనే బయటికి తీసుకెళ్లాడు. అది అతని ఒడిలో నిద్రపోయిన రోజున, తనను పెళ్లాడమని అతడు అడిగితే కొండమ్మ ఒప్పుకుంది. వాళ్లు చాలాకాలం చల్లగా రాజ్యమేలారు. భైరి మరో మూడేళ్లు, మెడకు కట్టు లేకుండా, కోటంతా తిరుగుతూ హాయిగా బతికింది.