ఫాదర్ల మఠంలో అమావాస్య మగ్గం

మా గద్వాలలో పొద్దుగూకాక ఫాదర్ల మఠం వైపు తలతిప్పి చూసే మగాడు లేడు. తెల్ల ఫాదర్లు ఎప్పుడో వెళ్లిపోయారు. గోడల సున్నం రాలిపోయినా పైన సిలువ మాత్రం నిలిచింది. ఎనభై నాలుగులో నేత సంఘం ఆ మఠాన్ని అద్దెకు తీసుకుని, వాళ్లు ప్రార్థన చేసుకున్న హాల్లో పది మగ్గాలు దింపింది. పగలంతా పని, దీపాలవేళకు తాళం.

ఎందుకంటే... నేత నేర్చుకోవాలని ముచ్చటపడిన ఒక ముసలి ఫాదరు, చీర సగంలో ఉండగానే అక్కడ కన్నుమూశాడట. మిగిలింది నేయడానికి వస్తాడట. అదీ అమావాస్య నాడే! ఆ రోజు మా నేతగాళ్లలో ఎవరూ మగ్గం ముట్టరు. ఊరంతా సద్దుమణుగుతుంది కాబట్టి ఆ ఒక్క మగ్గమే వినిపిస్తుంది.

"తెల్లోనికి అమాసేంది, పున్నమేంది!" అని నవ్వుకునేవాళ్లం. పగటిపూట మాత్రమే.

ఇవన్నీ నర్సింహులు కొత్తకోట బస్టాండులో నాతో అన్న మాటలు. ఇప్పుడక్కడే లారీలకు సరుకెత్తుతున్నాడు. నేను దెయ్యాల్ని నమ్మను. కానీ ఆయన మొహం చూసి, మిగతాది కూడా చెప్పమన్నాను.

ఒకప్పుడు ఆయన చెయ్యి తిరిగిన నేతగాడు. ఎనభై ఏడులో చీర అంచుకు కొత్త డిజైను కట్టాడు — బీచుపల్లి దగ్గర కృష్ణలో ఎదురీదే చేపల వరుస. సంఘం ఏడాదికి ఒక్క కొత్త అంచునే తీసుకుంటుంది. ఎంపికైతే ఏడాదంతా పని, పైగా ఆ అంచుకు నేసినవాడి పేరే.

గద్వాల చీర ఒక్కడివల్ల కాదు. అవతలి అంచున పోగు మోసే నాడె విసరడానికి పక్కన ఇంకో మనిషి కూర్చోవాలి. నర్సింహులు పక్కన కూర్చునేది తల్లి అనంతమ్మ. చేపల అంచు ఆ ఇద్దరికే తెలుసు. తమ్ముడు బుచ్చన్నకు కూడా ఆయన చూపలేదు.

ఇంట్లో మగ్గం మీద నమూనా ఇంకా జానెడు నేయాల్సి ఉంది. తెల్లారితే పెద్దలు చూస్తారు. ఆ రోజేమో అమావాస్య...

"ఒక్క గంట కూసుందమమ్మా."

"అమాస నాడు మగ్గమెక్కుతవా? ఆ ఫాదరు మనింటికే వస్తడు బిడ్డా. పెద్దలు రెండ్రోజులు ఆగుతరు, నేను చెప్త."

తల్లి మాట విన్నాడు. ఆమె భజనకని వెళ్లింది. ఆయన పడుకున్నాడు.

అప్పుడు వినిపించింది —

టక్, టక్... కాసేపు ఏమీ లేదు... టక్.

దిగ్గున లేచి కూర్చున్నాడు. చప్పుడుకు కాదు, ఆ ఆగడానికి! చేప కన్ను దగ్గర పోగులెత్తడానికి అట్లా ఆగాలి. అది ఆయన అంచు. చచ్చిన ఫాదరుకు ఎట్లా తెలిసింది?

భయమేసింది. అయినా వెళ్లాడు. మఠం తాళం తీసి ఉంది, తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఒక్క దీపం. మగ్గం మీద వంగి... తెల్లటి వీపు. తల మీద తెల్లటి ముసుగు.

ఆ పక్కనే, అవతలి అంచున — బుచ్చన్న!

తమ్ముణ్ణి దెయ్యం పట్టుకుందనుకున్నాడు. గుసగుసగా పిలిచాడు.

"తమ్మీ... ఉరుకు... నీ పక్కల..."

బుచ్చన్న తలెత్తలేదు. ముసుగు మెల్లగా ఇటు తిరిగింది.

అమ్మ. తండ్రి పోయినప్పటి నుంచి ఆమె కట్టేది తెల్ల చీరే.

"ఆర్నెల్ల సంది వీనికి నేర్పుతున్న," అన్నది, గొంతు పెంచకుండా. "మిగతా రాత్రులన్నీ నీ పక్కనే ఉంటి. అమాసలే దొరికినయ్. ఎవరూ రావొద్దని ఆ ఫాదరు ముచ్చట నేనే పుట్టించిన."

"నా అంచు ఎందుకిచ్చినవమ్మా?"

"తమ్మునికి నేర్పమంటే నువ్వు నేర్పితివా? నీకు చెయ్యున్నది, ఇంకోటి కడ్తవు. వానికేమున్నది?"

తెల్లారి సంఘం పెద్దలు, రాత్రి మఠంలో పూర్తయిన చేపల అంచును తడిమి తడిమి చూశారు. ఇది ఎవరిదని అడిగారు. నర్సింహులు నోరు తెరిచేలోపే అనంతమ్మ అన్నది — "మా చిన్నోనిది."

ఆయన మళ్లీ మగ్గమెక్కలేదు. కొత్తకోట బస్సెక్కాడు.

"పోనీలే, దెయ్యం లేదని తేలింది కదా," అన్నాను.

నర్సింహులు తువాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"దయ్యమే అయ్యుంటే మంచిగుండు అన్నా... ఇంటికురికి, అమ్మ పక్కల పండుకుందును."