ఎవరికీ అభ్యంతరం లేదు కదా?

లిఫ్టు రాకుండానే లిఫ్టు తలుపు తెరుచుకుంది. రక్షణ పరికరాల కమిటీలో మెంబరైన సిగ్నల్స్ ఇంజనీరు ఫోన్ చూసుకుంటూ లోపలికి అడుగు వేశాడు. కాలి కింద నేల లేదు.

పోలీసులు వచ్చేసరికి కమిటీ మెంబర్లందరూ కారిడార్‌లోనే నిలబడి ఉన్నారు. ముందు నోరు విప్పింది ఎర్ర టై కట్టుకున్న టెక్నికల్ అడ్వైజర్. "పాపం, ఫోన్‌లో పడి చూసుకోలేదు." అతని పక్కనున్న ఇద్దరు మెంబర్లు అవునని తలలూపారు. ఆ తర్వాత మిగిలినవాళ్ళకీ అలాగే అనిపించింది. యాక్సిడెంట్ అని కేసు మూసేశారు.

"అది మర్డర్," అన్నాడు గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్ మర్నాడు ఉదయం. "ఏమంటావ్?"

"కాదు," అన్నాడు మొండి.

"మర్డర్ కాదా?"

"మర్డరే. మీరు నన్ను అడగడమే బాలేదంటున్నా. ఇన్నేళ్ళలో నా మాట ఎప్పుడు విన్నారు కనక?"

డిపార్ట్‌మెంట్‌లో అతని అసలు పేరు ఎవరూ వాడరు. మొండి అంటారు, అతనూ పలుకుతాడు. చేతకాక కాదు, నోరు ఊరుకోక ప్రమోషన్ పోగొట్టుకున్న మనిషి. తనకంటే వెనక వచ్చినవాళ్ళు తల ఊపి ఊపి పై అంతస్తులకు చేరుకున్నారు. తను మాత్రం ఇంకా కింది అంతస్తులో, ఫ్యాన్ తిరగని గదిలోనే ఉన్నాడు.

చీఫ్ స్క్రీన్ మీద ఒక నల్ల పెట్టె బొమ్మ చూపించాడు. "సెక్యూర్ లింక్. సరిహద్దు అవతల ఉన్న మన ఏజెంట్లందరి ఆచూకీ ఇక దీంట్లోనే ఉంటుందట. అమ్ముతున్నది విదేశీ కంపెనీ. వెనకున్నది విదేశీ ముఠా. ఆమోదముద్రగా కమిటీ చైర్మన్ బొటనవేలు దాని మీద పడగానే మొత్తం డేటా అటు కాపీ అయిపోతుంది."

సరిహద్దు అవతల, రేడియోలు బాగుచేసే దుకాణంలో, మొండి బావమరిది ఏజెంటుగా కూర్చుని ఉన్నాడు. ఆ ఉద్యోగంలో పెట్టించింది తనే. భార్య రోజూ ఒకటే ప్రశ్న: "తమ్ముడు బాగున్నాడా అండీ?"

"మరి కమిటీని ఆపెయ్యండి!"

"కమిటీ మనకంటే పైది. రుజువు లేదు. కమిటీయే వద్దనాలి. చనిపోయిన ఇంజనీరు సీట్లో రేపు నువ్వు కూర్చుంటున్నావ్. ఎవరు అవునన్నా కాదనే మనిషివి. నీకంటే తగినవాడెవడు?"

తుపాకీ అడిగితే గాడ్జెట్ సెక్షన్ వాడు పెన్ను ఇచ్చాడు. రికార్డర్. క్యాప్ నొక్కితే ప్లే అవుతుంది. "ఒక్కటే ఇబ్బంది సార్. ఒకసారి ఆన్ అయితే ఆఫ్ కాదు."

"దీన్ని పాస్ చేసిందెవడు?"

"అందరూ బాగుందన్నారు సార్."

మొండి పళ్ళు నూరుకున్నాడు. మీసం అతికించుకున్నాడు, లావు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. పెన్ను ఆన్ చేసి జేబులో పెట్టుకుని బయలుదేరాడు.

కమిటీ గదిలో చైర్మన్‌ది ఒక పద్ధతి. ఏ విషయమైనా చివర్లో కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుంటూ, కుర్చీలోంచి సగం లేస్తూ, "ఎవరికీ అభ్యంతరం లేదు కదా?" అంటాడు. ఎవరూ మాట్లాడకపోతే అందరూ ఒప్పుకున్నట్టే రాసుకుంటారు. ఆయన సగం లేచాక మాట్లాడి మళ్ళీ కూర్చోబెట్టే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ లేదు.

ఎర్ర టై నల్ల పెట్టె గురించి చక్కగా, తడుముకోకుండా మాట్లాడాడు. ఇద్దరు మెంబర్లు తలలూపారు. రిటైర్డ్ కల్నల్ చేతికర్ర వైపు చూసుకున్నాడు. ఆడిట్ ఆఫీసరమ్మ గోళ్ళు చూసుకుంది.

"ఎవరికీ అభ్యంతరం లేదు కదా?"

"ఉంది!" మొండి బల్ల మీద గుద్దాడు. "ఈ పెట్టె లోపల ఏముందో మీలో ఒక్కరైనా విప్పి చూశారా? చదువుకున్నవాళ్ళు, గొర్రెల్లా తలలూపడానికి సిగ్గు లేదూ?"

గది బిగుసుకుపోయింది. అంతవరకూ అటూ ఇటూ ఊగుతున్న ఆడిట్ ఆఫీసరమ్మ ముఖం గంటు పెట్టుకుంది. "మర్యాదగా మాట్లాడండి. అడ్వైజర్ గారు చెప్పిందే సబబుగా ఉంది." కల్నల్ కూడా అవునన్నట్టు దగ్గాడు. ఎర్ర టై చిన్నగా నవ్వాడు.

చైర్మన్ టీ బ్రేక్ ఇచ్చాడు.

కారిడార్‌లో కల్నల్ మొండిని ఒక మూలకి లాగాడు. "ఏమయ్యా, ఆ పెట్టె మీద నాకూ అనుమానమే. లిఫ్టు తాళం ఎవరో తీసి ఉంచడం కూడా చూశాను. కానీ అందరూ ఒక మాట మీద ఉంటే నేనొక్కణ్ణీ ఏమంటాను?"

"ఆ మాట లోపలే చెప్పొచ్చు కదా సార్!"

"బాగుండదు."

వాష్ బేసిన్ దగ్గర ఆడిట్ ఆఫీసరమ్మ పట్టుకుంది. "నాకూ నమ్మకం లేదండీ. కానీ మీరు అలా అరిస్తే మీ పక్క ఎలా ఉంటాం? మిగతావాళ్ళందరికీ సమ్మతమే కదా, నాకెందుకని ఊరుకున్నా."

చైర్మన్ సైతం మెట్ల దగ్గర గొంతు తగ్గించాడు. "నాకు మాత్రం ఇష్టమా? కమిటీ ఒప్పుకుంటోంది, నేనేం చేసేది?"

మొండికి గోడకు తల బాదుకోవాలనిపించింది. విడివిడిగా అడిగితే అందరికీ అనుమానమే. బల్ల చుట్టూ కూర్చుంటే ఒక్కడికీ లేదు. వీళ్ళ మొహమాటానికి అక్కడ తన బావమరిది ప్రాణం పోతుంది. భార్య ముఖం ఎలా చూడాలి?

సెంటు వాసన ముందు వచ్చింది, తర్వాత మేడమ్ వచ్చింది. కంపెనీ ప్రతినిధి. సిల్క్ స్కార్ఫ్, ఎత్తు మడమలు. ముఠా ఆమెను తన మనిషి అనుకుంటుంది, డిపార్ట్‌మెంట్ తన మనిషి అనుకుంటుంది. నిజమేదో ఆమెకే తెలియాలి.

"ఈ బిల్డింగ్‌లో గడియారాలన్నీ తొందరపడుతున్నాయే," అంది కిటికీలోంచి చూస్తూ.

"నాది ఆగిపోయి చాలా కాలమైంది," అన్నాడు కోడ్ ప్రకారం. "త్వరగా చెప్పండి."

"మీసం బాగా అతికించుకున్నారు. కోపం దాచుకోవడం మర్చిపోయారు. వాళ్ళు మిమ్మల్ని గేటు దగ్గరే గుర్తుపట్టారు."

"మరి చంపలేదే?"

"ఎందుకు చంపుతారు? మీరు రావాలనే ఆ ఇంజనీర్ని చంపారు. ఆయన మెత్తని మనిషి. ఆయన కాదంటే నలుగురూ వినేవాళ్ళు. ఆ సీటు ఖాళీ అయితే డిపార్ట్‌మెంట్ మిమ్మల్నే పంపుతుందని వాళ్ళకు తెలుసు. మీరు కాదన్న కొద్దీ మిగతావాళ్ళు ఒకటవుతారు. ఈ గదిలో వాళ్ళ అసలైన మనిషి ఎర్ర టై కాదు సార్, మీరు."

మొండికి ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. కాదని అరవడానికి నోరు తెరిచాడు. అదే వాళ్ళకు కావలసిందని గుర్తొచ్చి మూసుకున్నాడు.

"లోపలికి వచ్చి మీరే చెప్పండి."

"నేను బయటపడితే ముఠా నాయకుడెవరో ఇక ఎప్పటికీ తెలియదు." ఆమె వెళ్ళిపోయింది. ఆమె నిజమే చెప్పిందో, తనను నోరు మూయించడానికే వచ్చిందో మొండికి తేలలేదు.

మళ్ళీ గది. బల్ల మధ్యలో నల్ల పెట్టె పెట్టి ఉంది. దాని మీద పచ్చ లైటు వెలుగుతోంది. చైర్మన్ కళ్ళజోడు తీశాడు, సగం లేచాడు. బొటనవేలు ముందుకు చాపాడు.

"ఎవరికీ అభ్యంతరం లేదు కదా?"

అందరూ మొండి వైపు చూశారు. ఎర్ర టై అప్పుడే నవ్వడం మొదలుపెట్టాడు. మొండికి ‘ఉంది’ అన్న మాట నాలుక చివర వరకు వచ్చింది. గుటకేసి మింగాడు. జేబులోంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టి, క్యాప్ నొక్కాడు.

"...ఆ పెట్టె మీద నాకూ అనుమానమే. లిఫ్టు తాళం ఎవరో తీసి ఉంచడం కూడా..."

కల్నల్ ఉలిక్కిపడ్డాడు. చైర్మన్ వేలు గాలిలో ఆగింది.

"...నాకూ నమ్మకం లేదండీ..."

ఆడిట్ ఆఫీసరమ్మ కల్నల్ వైపు చూసింది. "మీక్కూడానా?"

"...నాకు మాత్రం ఇష్టమా?..."

ఇద్దరూ చైర్మన్ వైపు తిరిగారు. "మీక్కూడానా?"

ఎర్ర టై నవ్వు ఎగిరిపోయింది. ఒక్క ఉదుటున లేచి చైర్మన్ మణికట్టు పట్టుకుని, బొటనవేలిని పెట్టె మీదికి నొక్కబోయాడు. వేలికీ పెట్టె మీది అద్దానికీ మధ్య సందు మూసుకుపోతుండగా చేతికర్ర గాలిలో లేచింది. ఇన్నాళ్ళూ దగ్గడం తప్ప ఏమీ చేయని కల్నల్, పెట్టెను ఒక్క దెబ్బకు బల్ల మీదినుంచి గోడకు కొట్టాడు. పచ్చ లైటు ఆరిపోయింది.

"అభ్యంతరం ఉంది!" అని అరిచాడు కల్నల్. ఎర్ర టైకి తలలూపి, ఇప్పుడు గుమ్మం వైపు జారుకోబోయిన ఆ ఇద్దరు మెంబర్లకూ ఆడిట్ ఆఫీసరమ్మ కుర్చీ అడ్డం వేసింది.

వారం తర్వాత మొండి భార్య ఫోన్ చేసింది. "తమ్ముడు ఇంటికొచ్చాడండీ. ఇదిగో, మాట్లాడతాడట."

"బావా, నువ్వు నోరు మూసుకుని మమ్మల్ని కాపాడావంట. ఎవరు చెప్పినా నేను నమ్మను."

ఆ సాయంత్రం డిపార్ట్‌మెంట్‌లో ఆపరేషన్ మీద డీబ్రీఫింగ్ సమావేశం. గదిలోకి వస్తూ ఒక్కొక్కరే మొండి భుజం తట్టారు. "మొత్తం నువ్వే చేశావని మాకు తెలుసు." చీఫ్ కూడా గుమ్మంలో ఆపి అదే మాట చెవిలో అన్నాడు.

తర్వాత చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "ఈ ఆపరేషన్ నా ప్లానింగ్ వల్ల సక్సెస్ అయిందని పైకి పంపుతున్నాను. ఎవరికీ అభ్యంతరం లేదు కదా?"

తలలన్నీ ఊగాయి. మొండి జేబులోంచి, ఇంకా ఆఫ్ కాని ఆ పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు.