వీపుకు వీపు

స్కాన్‌లు చూసే పాత రీడింగ్ రూము తలుపు తీయగానే డాక్టరుకు ఆ రెండు కుర్చీలు కనిపించాయి. అలిగిన మొగుడూ పెళ్లాల్లా ఇంకా వీపుకు వీపు పెట్టుకునే ఉన్నాయి.

ఒకప్పుడు వాటిలో తనూ, అందరూ ‘నిదానం’ అని పిలిచే రేడియాలజిస్టు అమ్మాయీ కూర్చునేవారు. మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డను తీశాక స్కాన్‌లో కనిపించే తెల్ల మచ్చ రక్తస్రావమా, లేక ఎక్స్‌రేలో నాళాలు కనబడేందుకు ఎక్కించిన మందా అన్నది పాత కేసుల మీద వాళ్ల పరిశోధన. ఒకరిది ఒకరు చూడకుండా ఎవరి అభిప్రాయం వాళ్లు విడిగా రాయాలి. తేడా వస్తేనే కలిసి మాట్లాడుకోవాలి.

మొదటిరోజే తేడా వచ్చింది.

“రక్తమే. ఇందులో ఆలోచించేదేముంది?” అన్నాడు డాక్టరు.

“మర్నాటి స్కాన్ తెరవండి. మందైతే పోతుంది, రక్తమైతే ఉంటుంది. మీకు తొందరెక్కువ,” అందామె.

మర్నాటి స్కాన్‌లో మచ్చ లేదు. ఓడినందుకు అతను కాఫీ ఇప్పించాడు. బయట వాన వెలిసినా కప్పులు ఖాళీ కాలేదు. అప్పట్నుంచి తేడా వచ్చిందంటే అతనికి పండగే.

కానీ ఆమె నేర్పినకొద్దీ అతని కన్ను కుదిరింది. చివరి నెలలో ఒక్క తేడా కూడా రాలేదు. పరిశోధన చూసే పెద్ద డాక్టరు మెచ్చుకుని భుజం తడితే ఏడవలేక నవ్వాడు. కావాలని తప్పు రాద్దామంటే చెయ్యి రాలేదు, మనసులో మాట చెబుదామంటే నోరు రాలేదు. పని ముగిసింది, ఆమె వేరే ఊరు వెళ్లిపోయింది.

ఇన్నేళ్లకు ఇవాళ ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చింది. సాయంత్రం మళ్లీ రైలు.

“ఇవింకా పారెయ్యలేదా?” గుమ్మంలో ఆమె గొంతు.

“నేనే పారెయ్యనివ్వలేదు.”

ఆమె నవ్వి తన కుర్చీలో కూర్చుంది. అలవాటుగా అతనూ తన కుర్చీలో కూర్చున్నాడు.

“ఇంకా పెళ్లి చేసుకోలేదట?” అంది.

“మీరూ చేసుకోలేదట కదా.”

“నేను నిదానం కదండీ.”

అతను గోడ వైపు చూస్తూ గొంతు సవరించుకున్నాడు. “ఒక పాత కేసుంది. మీరు వెళ్లాక నాలుగు రోజుల్లో పోతుందిలే అనుకున్నాను. మచ్చ ఇప్పటికీ అలాగే ఉంది.”



“మందైతే ఇన్నేళ్లు నిలవదు,” అంది మెల్లగా. “నాకూ పోలేదు.”

“మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?”

“తేడా వస్తేనే కదా మాట్లాడుకోవాలి.”

అతను గబుక్కున కుర్చీ తిప్పాడు. ఆమె కుర్చీ అప్పటికే ఇటు తిరిగి ఉంది.