సమితికి అభ్యంతరం లేదు

"ఏవండీ, ఈ గెడలు మీవేనా?"

ఒడ్డున ఉన్న ముత్యాలరాజు తలెత్తి చూశాడు. తాటిదోనె మీద ఒకమ్మాయి నిలబడి ఉంది. మొన్న తను చెమటోడ్చి కొల్లేట్లో పాతిన వెదురుగెడలు అరడజను ఆమె కాళ్ల దగ్గర పడున్నాయి, కట్టిన ఎర్రగుడ్డలతో సహా.

"మావేనండి. ఏలూరు యువజన సేవా సమితివి. మందుల పడవ దారి తప్పకుండా పాతాం. మీరెందుకు పీకేశారు?"

"గెడ పాతి గుడ్డ కడితే ఆ నీళ్లు ఒకరివైపోయినట్టేనండి. ఇంకెవరూ అక్కడ వల వెయ్యరు. మీ పుణ్యమా అని రెండ్రోజులుగా మా లంకలో ఒక్కరూ వేటకెళ్లలేదు. కొల్లేరంతా ఎవరు కొనేశారా అని మా అమ్మ ఒకటే ఏడుపు!"

ముత్యాలరాజు ముఖం కందగడ్డయింది. అతను పుట్టి పెరిగింది తాడేపల్లిగూడెంలో. తండ్రి అక్కడి రైసుమిల్లులో గుమాస్తా.

"మా తాతగారిదీ కొల్లేరేనండి" అని గొణిగాడు.

"ఆ సంగతి ఎవరితోనూ అనకండి. ఆయన పరువు పోతుంది."

ఇంతలో వాన అందుకుంది. మిగతా గెడలు ఆమె దోనె మీద వెళ్లి ఇద్దరూ కలిసి పీకారు. నాలుగో గెడతో పాటు ముత్యాలరాజు కూడా నీళ్లలో పడ్డాడు. ఆ అమ్మాయి దోనె ఊగిపోయేటట్టు నవ్వింది. మునిగింది నడుములోతు నీళ్లలోనే గానీ, మన కుర్రవాడు ఆ రోజు నుంచీ మళ్లీ తేలలేదు.

ఆమె పేరు గంగారత్నం. గుండుగొలనులో మేనత్త ఇంట ఉండి ఎనిమిదో క్లాసు దాకా చదివింది.

అది 1935 వానాకాలం. లంకల్లో కలరా మొదలైంది. సమితి డాక్టరు సూది తీసేసరికి ఆడవాళ్లు తలుపులు వేసుకున్నారు. గంగారత్నం వీధి మధ్యలో నిలబడి జబ్బ చూపించింది.

"ముందు నాకు పొడవండి. తరవాత ఈయనకి. ఏవండీ, మీరు మాత్రం అరవకండేం!"

ముత్యాలరాజు పళ్లు బిగబట్టాడు. అరవలేదని ఆమె మెచ్చుకుంటుందనుకున్నాడు. ఆమె అప్పటికే తలుపులు తట్టి, ఒక్కొక్కరినే చెయ్యి పట్టుకుని తీసుకొస్తోంది.

ఆ తరవాత ప్రతి ఆదివారం అతను తాడేపల్లిగూడెంలో రైలెక్కి భీమడోలులో దిగేవాడు. కొల్లేటి ఒడ్డున దోనెతో ఆమె సిద్ధంగా ఉండేది. దారి పొడుగునా ఆమె ఎగతాళే. వారంలో తక్కిన ఆరు రోజులూ ఎందుకున్నాయో అతనికి అర్థమయ్యేది కాదు.

మాఘమాసంలో ఒక బాలింత డాక్టరు వచ్చేలోగా చనిపోయింది. ఆ రోజు గంగారత్నం ఎగతాళి చెయ్యలేదు.

"ఏం చెయ్యాలో తెలిసుంటే బతికించేదాన్నండి" అని మాత్రం అంది.

ఆ నెలలోనే సమితి అధ్యక్షులు శివరామయ్య మాస్టారు అతన్ని పిలిచారు. పనిలో ముందుండే యువజనుల్లో ఏటా ఒకరిని సమితి ఖర్చుతో చదివించడం వాళ్ల పద్ధతి.

"ఈసారి మద్రాసులో నర్సు ట్రైనింగు. ఏడాదిన్నర. ఎవరు తగినవారో నువ్వే రాసియ్యవోయ్."

ఎవరు తగినవారో అతనికి క్షణంలో తెలిసింది. రాయడానికే మూడు రోజులు పట్టింది. రాస్తే ఏడాదిన్నర ఆమె కనపడదు. రాయకపోతే లంకల్లో ఇంకో బాలింత పోతుంది. రాశాడు.

గంగారత్నం సమితి పంపిన ఉత్తరం పట్టుకుని వచ్చింది.

"నన్ను అడక్కుండానే రాసేశారా? పంపించెయ్యాలని అంత తొందరగా ఉందేవిటండీ?"

"మీరే తగినవారని రాశాను."

"అంతేనా?"

మనసులో మాట చెబితే ఆమె కాళ్లకి అడ్డం పడినట్టవుతుందనుకున్నాడు.

"అంతేనండి."

భీమడోలు స్టేషనులో ఆమె తల్లి నాంచారమ్మతో మాట్లాడింది, మాస్టారితో మాట్లాడింది, పోర్టరుతో కూడా మాట్లాడింది. ముత్యాలరాజుతో మాట్లాడలేదు. రైలు వెళ్లిపోయాక కూడా అతను చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

ఇక మిగిలింది నెలకో రిపోర్టు. చదివించినందుకు సమితికి ఆమె రాయాలి. సహాయ కార్యదర్శిగా జవాబు ముత్యాలరాజు రాయాలి.

"ఈ నెల పదకొండు పురుళ్లు చూశాను. ఇక్కడ వానకి పడడం కూడా సరిగా రాదు. సమితివారు ఎలా ఉన్నారో తెలుపగలరు."

"సమితివారందరూ క్షేమం" అని రాశాడు.

"అందరూ అంటే ఎవరెవరో పేర్లతో రాయగలరు" అని మళ్లీ వచ్చింది.

బుద్ధిమంతుడు పద్నాలుగు పేర్లూ అకారాదిగా రాసి పంపాడు. ఆదివారాలు లంకలకు వేరేవాళ్ల దోనెలో వెళ్లేవాడు. కొల్లేరు అదే, కొంగలూ అవే. ఏ ఒక్కటీ కంటికి ఆనేది కాదు. ఆమె రిపోర్టులు దిండు కింద పెట్టుకుని, పురుళ్ల లెక్కతో సహా కంఠతా పట్టేశాడు.

ఏడాదిన్నర కావస్తుండగా వచ్చిన రిపోర్టును అతను రెండుసార్లు చదివాడు.

"ఇక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం ఇస్తామంటున్నారు. నేను ఉండిపోతే సమితికి అభ్యంతరం ఉన్నదా?"

మాస్టారు కళ్లద్దాలు తీశారు. "మనం బాండు రాయించుకోలేదు కదోయ్. ఆ అమ్మాయి ఇష్టం. జవాబు రాసెయ్యి."

ముత్యాలరాజు రాశాడు. "సమితికి ఎటువంటి అభ్యంతరమూ లేదు."

సంతకం పెట్టబోయి ఆగాడు. కింద ఇంకో వాక్యం రాశాడు.

"నాకు ఉంది. మొదటినుంచీ ఉంది. కానీ దాన్ని మీరు లెక్కలోకి తీసుకోనక్కర్లేదు."

డబ్బాలో వేశాక, మళ్లీ తీసుకునే వీలుందేమోనని పోస్టుమాస్టరును అడిగాడు కూడా. లేదన్నాడాయన.

పదో రోజున కార్డు వచ్చింది. "ఆదివారం పాసింజరుకు భీమడోలులో దిగుతాను. లంకల్లోనే పని చేస్తాను. అభ్యంతరం గలవారు స్టేషనుకు రాగలరు."

పాసింజరు గంట లేటు. వాన కురుస్తూనే ఉంది. గంగారత్నం తెల్లచీరలో, పెట్టె పట్టుకుని దిగింది. కాస్త చిక్కింది. కళ్లు మాత్రం దోనె మీది గంగారత్నానివే.

"ఆ ముక్క నేను వెళ్లేముందే చెప్పొచ్చు కదండీ" అంది.

"చెబితే మీరు వెళ్లేవారు కాదేమోనని..."

"వెళ్లేదాన్నండి" అంది, తడికళ్లతో నవ్వుతూ. "కాకపోతే, బెజవాడ దాకా ఏడవకుండా వెళ్లేదాన్ని."