తెర మీది భుజం

"ఈ చంక కింద ముడత ఏమైంది?"

ఉద్యోగంలో చేరిన పూట ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. వేలు కంప్యూటర్ తెర మీద ఉంది. తెర మీద నీలం కోటు తొడుక్కుని చెయ్యెత్తిన బొమ్మ.

"యాప్ సవరించిందండీ," అన్నాడు అతను.

"చెయ్యెత్తితే ముడత పడాలి. పడకపోతే అది బట్ట కాదు, పెయింటు."

"కొనేవాళ్ళకు అందంగా కనబడాలి కదా."

"కనబడుతుంది. ఇంటికొచ్చాక తొడుక్కుని ఏడుస్తారు. తిప్పి పంపిస్తారు. అప్పుడు మీరు ఏడుస్తారు."

పక్క గదిలోంచి అతని బావ పకపకా నవ్వాడు. "అలా గడ్డి పెట్టమ్మా! అడిగేవాళ్ళు లేకే వీడిలా తయారయ్యాడు."

కంపెనీ ఆ బావాబామ్మర్దులది. లాండ్రీ షాపు పైన అద్దెకు తీసుకున్న గదులు. కింద ఇస్త్రీ ఆవిరి పైకొచ్చి కిటికీ అద్దాలను మసకబరుస్తుంది. బావ షాపులవాళ్ళతో మాట్లాడతాడు, అతను ప్రోగ్రాం రాస్తాడు. ఆన్‌లైన్‌లో బట్టలు కొనేవాళ్ళు ఫోటో పెడితే, వాళ్ళ ముఖాన్ని సిద్ధంగా ఉన్న ఒక ఒంటికి అతికించి, బట్ట తొడిగి చూపించే యాప్. ఫోటో పెట్టకపోతే ముఖం లేని బొమ్మే కనబడుతుంది. బట్ట ఎక్కడ బిగుస్తుందో, ఎక్కడ జారుతుందో చెప్పడానికి ఆమెను తీసుకున్నారు. ఆమె బట్టల కత్తిరింపు చదువుకున్న మనిషి.

ఆ పూటే అతనికి ఆమె అంటే భయం పట్టుకుంది. అబద్ధాన్ని అందంగా చూపేవాడికి కళ్ళున్నవాళ్ళంటే భయం ఉంటుంది. ఉండాలి.

చిక్కంతా ఒంటితోనే వచ్చింది. కంప్యూటర్‌లో కల్పించిన ఒంటికి ఏది తొడిగినా చేతులు బట్టను చీల్చుకుని బయటికొచ్చేవి. నిజమైన మనిషి కావాలి. చుట్టూ కెమెరాలున్న చిన్న గదిలో నిలబడి తన ఒంటి ఆకారం తీయించుకోవడానికి ఆమె ఒప్పుకుంది.

"ఒక షరతు. పరీక్ష అయ్యాక తీసెయ్యాలి."

"తీసేస్తాను."

"ఒట్టు?"

"ఇంజనీరు మాటండీ."

"అందుకే ఒట్టు అడుగుతున్నాను."

అతను నవ్వుతూ ఒట్టేశాడు.

బట్ట ఆమె ఒంటి మీద కుదురుగా కూర్చుంది. చిన్నప్పుడు మెట్ల మీంచి పడి మెడ కింది ఎముక విరిగిందట. అతుక్కుంది గానీ ఎడమ భుజం కొద్దిగా కిందికి దిగిపోయింది. ఏ గౌను తొడిగినా దాని మెడ అటు ఒరుగుతుంది. దాన్ని సరిచేయడం అతనికి చిటికెలో పని. చేయలేదు. పని మధ్యలో దాన్నే చూస్తూ కూర్చోవడం అలవాటైంది.

పరీక్ష అయ్యాక తీసేయనూ లేదు. యాప్‌లో అందరికీ కనబడే బొమ్మగా దాన్నే పెట్టాడు. ముఖం లేదు కదా అనుకున్నాడు. ముఖం లేకపోతే మనిషి కాదనుకోవడం ఆ పనిలో ఉన్నవాళ్ళకు వచ్చే జబ్బు. బావకు చెప్పలేదు. ఆమెకు అసలే చెప్పలేదు, ఆమె పనిచేసే తెర మీద పాత బొమ్మనే ఉంచాడు.

ఓ సాయంత్రం లాండ్రీ షాపు ముందు వాన పట్టుకుంది.

"గొడుగు నాది. మీరు తడవండి," అంది ఆమె.

"సగం ఇవ్వొచ్చుగా?"

"మీ భుజాల వెడల్పుకి సగం చాలదు."

"నా కొలతలు ఎప్పుడు తీశారు?"

"కళ్ళతో," అనేసి, నాలిక్కరుచుకుని అటు తిరిగింది. చెవులు ఎర్రబడ్డాయి. గొడుగు మాత్రం ఇటు జరిగింది. వీధి చివరికి వెళ్ళేసరికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

ప్రేమ మనిషికి ధైర్యం ఇస్తుందంటారు. అతనికి భయం ఇచ్చింది. రోజూ చెప్పేద్దామనుకునేవాడు. ఆమె ఏదో జోకు వేసి నవ్వేది. ఆ నవ్వు పోతుందని నోరు మూసుకునేవాడు. ఈలోగా జనం వాడి చూడమని యాప్‌ను బయటికి వదిలారు.

ఓ పొద్దున ఆమె ఆఫీసులోకి రాకుండా మెట్ల మీదే ఆగి అతన్ని పిలిచింది. కోటు గుండీలు గొంతు దాకా పెట్టుకుంది. పెదాలు పాలిపోయాయి.

"బస్సులో నా ముందు సీట్లో ఇద్దరు. ఫోన్లో మన యాప్. ముఖం లేని బొమ్మకి పొట్టివి, బిగుతువి తొడుగుతున్నారు. తిప్పి తిప్పి చూస్తున్నారు. ఒకడు వేళ్ళతో లాగి పెద్దది చేశాడు. ఇద్దరూ నవ్వారు."

అతను మెట్టు దిగి ఆమె దగ్గరికొచ్చాడు.

"ఆ భుజం నాది."

అతను చూపు తిప్పుకున్నాడు.

"కదల్లేకపోయాను. వెనక్కి తిరిగితే పోల్చుకుంటారేమోనని బ్యాగు గుండెలకు అడ్డం పెట్టుకున్నాను. ఎవరో మన దగ్గర దొంగిలించి యాప్‌లో పెట్టారు. నువ్వు పట్టుకో. నీ మీద తప్ప నాకు ఎవరి మీదా నమ్మకం లేదు."

దొంగ దగ్గరికే వచ్చి దొంగను పట్టుకోమంది.

"కనుక్కుంటాను," అన్నాడు.

ఆ మాట అన్నందుకు చెప్పుతో కొట్టినా తక్కువే.

మధ్యాహ్నం దాకా ఆమె కోటు విప్పలేదు. గదిలో ఆవిరికి చెమటలు కారుతున్నా విప్పలేదు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడింది. లాండ్రీ మనిషి మడతపెట్టిన బట్టలు ఇచ్చి వెళ్ళాక అతని దగ్గరికొచ్చింది.

"ఇతనేనేమో. ఎప్పుడు పడితే అప్పుడు పైకొస్తాడు. మీ బావగారితో చెప్పి ఇతని ఫోన్ చూడమంటాను."

"వద్దు."

"ఎందుకు?"

"అతను కాదు."

"నీకెలా తెలుసు?"

"నేనే."

ఆమె వెనక్కి జరిగింది. వెనక గోడ తగిలేదాకా జరిగింది.

"తీసేస్తానన్నావు."

"తీయలేదు. నీ మీదే బట్ట సరిగ్గా కూర్చుంది."

"అంతేనా?"

"నువ్వంటే ఇష్టం. రోజంతా కళ్ళ ముందు..."

"ఇష్టమైనదాన్ని ఎవరైనా బజార్లో పెడతారా?"

అతను తెర వైపు తిరిగాడు.

"తీసెయ్."

"రేపు బట్టల షాపుల మేడమ్ చూడ్డానికి వస్తోంది. ఆవిడ ఒప్పుకోకపోతే కంపెనీ మూతపడుతుంది. ఆ ఒక్క పూట..."

"నేను రేపటి మాట అడగలేదు."

తీసేశాడు. ఆమె నిలబడి చూసింది. టేపు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

బావ జుట్టు పీక్కున్నాడు. "కూర్చున్న కొమ్మ నరుక్కున్నావు కదరా! ఇప్పుడు మీ అక్కకు ఏం చెప్పమంటావు?"

"జరిగింది చెప్పు బావా," అంటూ అంతా చెప్పాడు.

బావ కిటికీ మూసి వచ్చాడు. "మీ అక్కకు తెలిస్తే నీకు తలుపు తియ్యదు. తియ్యొద్దనే నేనూ చెప్తాను. సరే, రేపు ఆవిడకు ఎవర్ని చూపిస్తాం?"

"నన్ను," అని అతను కెమెరాల గదిలోకి వెళ్ళాడు.

మేడమ్ వచ్చింది. చాలా ఊళ్ళలో షాపులున్న మనిషి. తెర మీద ఊదారంగు పొడుగు గౌను వెలిగింది. గౌనులోంచి అతని పొట్ట ముందుకొచ్చింది. హడావుడిగా తీసిన ఒళ్ళు, ఒక చెయ్యి బట్టను చీల్చుకుని బయటపడింది. బావ కళ్ళు మూసుకున్నాడు.

"ఏమిటిది?"

"నేనేనండీ. అడిగి తీసుకున్న ఒళ్ళు ఇదొక్కటే ఉంది." అడగకుండా వాడుకున్న ఒంటి సంగతి కూడా చెప్పాడు. అది ఎవరిదో మాత్రం చెప్పలేదు.

ఆవిడ నవ్వలేదు. "మా షాపులకు వచ్చేది ఆడపిల్లలు. ఇష్టపడి నిలబడేవాళ్ళను వెతుక్కుని రండి, అప్పుడు చూస్తాను. అప్పటిదాకా మీ తెర మా గుమ్మం దాటదు." లేచి తలుపు దాకా వెళ్ళి తిరిగి చూసింది. "ఆ గౌను మీకు బాగోలేదు."

మనిషి నిజం చెబితే పని అవుతుందని రాసిపెట్టి లేదు. అవలేదు.

అతనికి ఇంకో భయం మిగిలింది. ఇంట్లో ఒక డిస్క్‌లో ఆ ఒంటి కాపీ ఇంకొకటి ఉంది. ఎవరికీ తెలియదు. చెబితే ఆమెతో మిగిలిన పోగు కూడా తెగుతుంది. చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. అందరికీ తెలిసిన కాపీని తీసేయడం ఏం గొప్ప?

డిస్క్ జేబులో వేసుకుని ఆమె ఇంటికి వెళ్ళాడు. వాళ్ళమ్మ తలుపు తీసింది.

"ఆ ఇంజనీరువి నువ్వేనా?"

"అవునండీ."

"కూర్చో. కాఫీ మాత్రం ఇవ్వను."

ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది. అతను డిస్క్ బల్ల మీద పెట్టాడు.

"ఇంకొకటి ఉంది. నీకు చెప్పలేదు."

"ఎందుకు దాచావు?"

"చూసుకోవడానికి."

"నేను రోజూ నీ ఎదురుగానే ఉన్నాను కదా," అంది. అరిచినా బాగుండేదనిపించింది అతనికి. "ఇంకా ఉన్నాయా?"

"లేవు."

"ఎలా నమ్మాలి?"

"నమ్మొద్దు."

వాళ్ళమ్మ లోపలికి వెళ్ళి సుత్తి పట్టుకొచ్చింది. "కంప్యూటర్ల సంగతి నాకు తెలీదు. పగిలిందంటే పగిలినట్టే." ఆమె సుత్తి అందుకుని, డిస్క్‌ను నేల మీద పెట్టి ముక్కలయ్యేదాకా కొట్టింది. అతను ప్రతి దెబ్బకీ ఉలిక్కిపడ్డాడు.

"ఆ బస్సులో వాళ్ళ దగ్గరున్నది?"

"యాప్‌లోంచి పోయింది. బొమ్మను ఫోటో తీసి దాచుకుని ఉంటే, అది నా చేతుల్లో లేదు."

"అంటే బస్సెక్కినప్పుడల్లా నేను భయపడాల్సిందే."

"అవును," అన్నాడు. కాదని చెప్పడం తేలిక. చెప్పలేదు.

ఆమె సుత్తి పక్కన పెట్టింది.

"కొత్త పని వెతుక్కోవడానికి నేను ఆ బస్సే ఎక్కాలి. అయితే రేపట్నుంచి నువ్వూ ఎక్కు. నా పక్కన కూర్చో. నేనెంత భయపడుతున్నానో చూడు. నీ బండి అమ్ముకుంటావో, పారేసుకుంటావో నీ ఇష్టం."

"ఎన్నాళ్ళు?"

"నా భయం పోయేదాకా. క్షమించానని మాత్రం అనుకోకు."

"అనుకోను."

"పెళ్ళి గిళ్ళి అని కూడా ఇప్పుడు ఎత్తకు."

"నేను ఎత్తలేదు. నువ్వే ఎత్తావు."

ఆమె చురుగ్గా చూసింది. వాళ్ళమ్మ చీపురు తెచ్చి అతని చేతిలో పెట్టింది. "మాటలు చాలుగానీ, ముక్కలు ఊడ్చు నాయనా. కాళ్ళకు గుచ్చుకుంటాయి."

మర్నాడు బస్సులో అతను ఆమె పక్కన కూర్చున్నాడు. ముందు సీటాయన జేబులోంచి ఫోన్ తీశాడు. ఆమె చెయ్యి వచ్చి అతని చొక్కా చేతిని గట్టిగా పట్టుకుంది. ముందు సీటాయన ఎవరికో ఫోన్ చేసి, ఆలస్యమవుతుందని చెప్పి, పెట్టేశాడు.

ఆమె చెయ్యి తీయలేదు. ఆమె దిగాల్సిన చోటు వచ్చేదాకా అతను కదలలేదు.